మారెమ్మ పోతు, పరాంకుశం సిద్ధాంతం

మా సంస్థను ఇంతవరకూ ఎవరూ ఏమీ అడిగిన పాపాన పోలేదు. అందుకే ఇన్నేళ్ళూ ఒక్క మాట పడకుండా నెట్టుకొచ్చినాం. గేటు మీద 'పశు జనాభా జన్యుశాస్త్ర పరిశోధనా కేంద్రం' అని పెద్ద అక్షరాల్లో రాసుంటుంది. అది చదివి లోపలికొచ్చినవాళ్ళు నాకు తెలిసి ఇద్దరే. ఒకాయన తన ఎనుముకు, అంటే గేదెకు, కడుపుబ్బరం, మందియ్యండన్నాడు. మందులివ్వడం మా పని కాదని చెప్పి పంపించినాం. ఇంకొకామె రేషన్ కార్డులో కోడలి పేరెక్కించమని వచ్చింది. ఆమెకు మంచినీళ్ళిచ్చి పంపించినాం. ప్రజలకు మేం చేసిన సేవ అంతే, దాచడమెందుకు.

అట్లాంటి మాకు ఒకనాడు కలెక్టరాఫీసు నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ప్రశ్న వెనకాలే లారీలో ఒక దున్నపోతు వచ్చింది. ప్రశ్న ఇదీ: ఈ దున్నపోతు ఏ ఊరిది?

మా డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు ఆ కాగితం చదివి కుర్చీలోంచి లేచి నిలబడినారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "వన్నూరప్పా, దేశం మనల్ని పిలిచిందయ్యా" అన్నారు నాతో.

పిలిచింది దేశం కాదు. మోదుగులకుంట, తూముచెర్ల. ఆ రెండూళ్ళ మధ్యన ఒక వంక ఉంది, వానాకాలంలో కూడా దాంట్లో నీళ్ళుంటాయని నేను హామీ ఇవ్వలేను. వంకకు అటొక మారెమ్మ, ఇటొక మారెమ్మ. అక్కచెల్లెళ్ళంటారు. కొన్నేళ్ళకొకసారి ఊరి దేవర చేస్తారు, దేవరంటే జాతర. దానికోసం ఒక దున్నదూడను చిన్నప్పుడే అమ్మవారి పేరు చెప్పి ఊరిమీద వదిలేస్తారు. అది దేవరపోతు. ఇంక దానికి తాడుండదు, అడ్డముండదు. ఎవరి చేలో పడి మేసినా అమ్మవారు మేసిందని దండం పెట్టుకోవాల్సిందే. ఏ ఊరి ఎనుము ఎదకొచ్చినా పిలవకుండానే పోయి పని చేసిపెట్టి వస్తుంది, ఫీజు లేదు, అప్లికేషన్ లేదు. అట్ల కొన్నేళ్ళు రాజభోగం అనుభవించి, దేవరనాడు మారెమ్మ ముందర మెడ వంచుతుంది. బలి చట్టప్రకారం నేరం కాబట్టి మా ఫైల్లో మేం దాన్ని 'సమర్పణ' అని రాసుకున్నాం. మెడకు మాత్రం ఆ తేడా తెలియదు.

ఈసారి రెండూళ్ళూ ఒకే నెలలో దేవర పెట్టుకున్నాయి. తీరా చూస్తే రెండూళ్ళకూ కలిపి పోతు ఒక్కటే. మాదంటే మాదని కర్రలు తీసినారు, తలలు పగిలినాయి, పోలీసులొచ్చి అరెస్టు చేసినారు. తలలు పగలగొట్టినవాళ్ళను కాదు, పోతును. అది ఏ ఊరిదో సైన్సు తేల్చాలని, తేల్చిన ఊరికి అప్పగించాలని కలెక్టరు గారి ఉత్తర్వు. నెలరోజులు గడువు, పోతు తేలేదాకా దేవరలు రెండూ వాయిదా.

అంతవరకూ దాన్ని ఎవరు చూసుకోవాలన్నదాని మీద మా సంస్థలో ఉన్నతస్థాయి సమావేశం జరిగింది. శాస్త్రవేత్తలు తలా ఒక అభిప్రాయం చెప్పి, చివరికి అందరూ నా వైపు చూసినారు. నేను అటెండర్ని. బీఏ ఫెయిలైన మాట నిజమే గానీ, దున్నపోతు వీపు రుద్దడానికి ఫెయిల్ కాలేదప్పా నేను. చెప్పినా వినేదెవరు? మొదటిరోజు అది తోటలో ఉన్న క్రోటన్ మొక్కలన్నీ మేసింది. మరుసటిరోజు డైరెక్టరు గారి కారు తలుపులో తన ముఖం చూసుకుని, ఇంకో పోతనుకుని తలుపును పొడిచింది. అప్పుడే నాకు దానిమీద కొంచెం అభిమానం పుట్టింది.

ఆ వారంలోనే ఒకామె తవుడు గంపతో గేటు దగ్గర నిలబడింది. ఆమెను చూడగానే పోతు తాడు తెంపుకునేంత పని చేసింది.

"ఎవరమ్మా నువ్వు?"

"ఈరక్క అంటారు సామీ. దానికి పాలు తాపి సాకినదాన్ని."

ఈరక్క పుట్టినిల్లు తూముచెర్ల, మెట్టినిల్లు మోదుగులకుంట. పెళ్ళప్పుడు పుట్టింటివాళ్ళు అరణంగా ఒక ఎనుమును తోలిచ్చినారు. అది ఈమె కొట్టంలో ఈ దూడను ఈని చచ్చిపోయింది. దూడను ఈమే సీసాతో పాలు పట్టి బతికించింది. అదే ఏడు ఈమె కూతురికి జ్వరం తలకెక్కింది. ఆస్పత్రిలో చేతులెత్తేసినారు. అప్పుడు ఈమె, అమ్మా మారెమ్మా, నా బిడ్డను నిలబెడితే నీకు దూడను ఇడుస్తానని మొక్కుకుంది. బిడ్డ నిలబడింది, దూడను వదిలింది. ఇప్పుడు అరణమెనుము మాది, దాని కడుపున పుట్టింది మాదే అని తూముచెర్ల. పుట్టింది మా కొట్టంలో, తిన్నది మా గడ్డి అని మోదుగులకుంట.

"ఇంతకీ నువ్వు ఏ ఊరి మారెమ్మకు మొక్కినావమ్మా? అది చెప్తే తగాదా తెగిపోతుంది కదా" అన్నాను.

"బిడ్డ జరంలో కాలిపోతాంటే ఊరి పేరు ఎవురు చెప్తార్సామీ? మారెమ్మా అన్న్యాను. ఆయమ్మ కూడా ఏ ఊరని అడగల్యా."

పోతు ఆమె చేతిలో తవుడు నాకుతోంది. ఆమె దాని మెడ కింద గోకుతోంది. గోకుతూనే, "రిపోర్టు యెప్పుడొస్తాది?" అనడిగింది.

"నెలలోగా ఇమ్మన్నారు."

"ల్యాటైతే బాగుండు" అంది మెల్లగా. "మొక్కింది నేనే. తీర్చకుంటే పాపం, అది నాకు తెలుసు. అయినా నా సేత్తో పాలు తాపిన్యా కదా సామీ, దీని మెడ మీద..." ఆ మాట పూర్తిచేయలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వేం దిగులు పడొద్దు. మాది గవర్నమెంటు సంస్థ" అన్నాను. ఆలస్యం చేయడంలో మా సంస్థ మీద నాకు గట్టి నమ్మకముంది.

పరాంకుశం గారు రెండూళ్ళ సర్పంచులనూ పిలిపించి బోర్డు ముందర కూర్చోబెట్టినారు. మోదుగులకుంట సర్పంచి బయపరెడ్డి, తూముచెర్ల సర్పంచి కుళ్ళాయప్ప. ఇద్దరి తలలకూ కట్లున్నాయి. డైరెక్టరు గారు సుద్దముక్క తీసుకున్నారు.

"మా శాస్త్రానికి పునాది ఒక ఆదర్శ మంద. ఆ మంద అనంతంగా ఉండాలి. బయటి పశువు లోపలికి రాకూడదు, లోపలిది బయటికి పోకూడదు. ఏ మగది ఏ ఆడదానితోనైనా యాదృచ్ఛికంగా జతకట్టాలి. ఇది మంచిది, అది చెడ్డది అని యజమాని ఎంపిక చేయరాదు. జన్యువుల్లో కొత్త మార్పు పుట్టరాదు. అప్పుడు ఆ మంద తరతరాలూ ఉన్నది ఉన్నట్టే నిలుస్తుంది. దాన్ని సమతౌల్యం అంటాం."

"అట్లాంటి మంద యాడుండాది సార్?" అన్నాడు బయపరెడ్డి.

"ఎక్కడా లేదు. అందుకే అది సిద్ధాంతం."

నేను నవ్వు ఆపుకోలేక కాఫీ గ్లాసులు ఏరుకున్నాను. అబద్ధమెందుకు, ఆ తర్వాత ఆయన చెప్పింది మాత్రం బాగానే ఉంది. "మేస్త్రీ దగ్గర తూకం గుండు ఉంటుంది చూశారా? ఏ గోడా దానంత నిలువుగా ఉండదు. అయినా గుండు లేకపోతే గోడ ఎటు ఒరిగిందో తెలియదు. మా సిద్ధాంతం ఆ గుండు. తోక వెంట్రుకలిచ్చి చూడండి. మీ ఎనుముల్లో ఏ తాతలనాడు కరువొచ్చి మంద తగ్గిందో, కొత్త రక్తం ఎటునుంచి వచ్చిందో, దగ్గరి చుట్టరికంలో ఎంత కలిసిందో అన్నీ చెప్తాం." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది. చదువు మీద అంత ప్రేమ ఉన్నవాణ్ణి కోప్పడాలన్నా మనసు రాదు.

"అవన్నీ సరే సార్, పోతు ఎవురిది?" అన్నాడు కుళ్ళాయప్ప.

"అది అల్ప విషయం. దానంతటదే తేలుతుంది" అన్నారు పరాంకుశం గారు.

మా శాస్త్రవేత్తలు రెండూళ్ళలో ఒక్క ఎనుమును వదలకుండా తోక వెంట్రుకలు పీకినారు. ఇద్దరు తన్నులు తిన్నారు. యంత్రాలు తిరిగినాయి, ఫలితమొచ్చింది: రెండూళ్ళ ఎనుములూ ఒకటే మంద. వంక ఉందన్న సంగతి మనుషులకు తెలుసు గానీ దేవరపోతులకు తెలియదు. ముత్తాతల కాలం నుంచీ ఒక ఊరి పోతు ఇంకో ఊరికి పోయి వస్తానే ఉంది. కాబట్టి రెండు మందలు లేవు, రెండు రక్తాలు లేవు, ఏ ఊరిదన్న ప్రశ్నకు అర్థమే లేదు.

అది నిఖార్సయిన నిజం. మా సంస్థ నుంచి నిజం బయటికి పోవడం అదే మొదలనుకుంటా, ఎవరికీ నచ్చలేదు. "మేమూ వాళ్ళూ ఒకటా?" అని ఇద్దరు సర్పంచులూ మా గేటు ముందర ధర్నా చేసినారు. పక్కపక్కనే కూర్చొని, ఒకే షామియానా కింద. కలెక్టరాఫీసు నుంచి రిపోర్టు తిరిగొచ్చింది: 'అడిగినది మంద గురించి కాదు, పోతు గురించి. విధిగా ఒక ఊరి పేరు సూచించవలెను.'

గడువు ఇంకో నెల పెరిగింది. ఈరక్క ఆ రోజు పాయసం చేసుకొచ్చి డైరెక్టరు గారికిచ్చింది. "మీ సదువు సల్లగుండ సామీ, ఇంకా బాగా సదవండి" అంది. పరాంకుశం గారు కదిలిపోయినారు. గ్రామీణ మహిళల్లో శాస్త్రీయ దృక్పథం పెరుగుతోందని నాతో మూడుసార్లన్నారు.

ఇక రెండో ప్రయత్నం. ఆయన దగ్గర ఒక కంప్యూటర్ ప్రోగ్రాం ఉంది. 'రెండు గుంపులున్నాయనుకో' అని చెప్తే, ఉన్నా లేకపోయినా అది రెండు గుంపులు చేసి చూపిస్తుంది. మా ఆఫీసులో రాజకీయాలు చూసినవాడిని కాబట్టి నాకు అది తొందరగానే అర్థమైంది. పోతును అందులో వేస్తే, మోదుగులకుంట వాటా యాభై పాయింట్ మూడు శాతం, తూముచెర్లది నలభై తొమ్మిది పాయింట్ ఏడు అని వచ్చింది.

మోదుగులకుంటలో టపాకాయలు కాల్చినారు. తూముచెర్ల అప్పీలుకు పోయింది. మళ్ళీ తిప్పితే తూముచెర్లకు యాభై పాయింట్ రెండొచ్చింది. అక్కడ టపాకాయలు కాల్చినారు. అంతటితో ఆగితే బాగుండేది. పారదర్శకత కోసమని పరాంకుశం గారు అన్ని ఎనుముల లెక్కలూ పంచాయతీ గోడలకు అంటించినారు. ఉన్నది ఒకే మంద కదా, ప్రతి ఎనుమూ సగం అటు, సగం ఇటే వచ్చింది. బయపరెడ్డి ఇంట్లో ఆయన తల్లి పెంచిన ఎనుము యాభై ఒక్క శాతం తూముచెర్లదని తేలింది. తెల్లారేసరికి కుళ్ళాయప్ప తాడు పట్టుకుని వాళ్ళ వాకిట్లో నిలబడినాడు.

"రెడ్డీ, మా ఎనుమును మాకిచ్చేయ్. సైన్సు చెప్పింది."

"నీ దొడ్లో నాలుగు మావి ఉండాయి, ముందు అవి తోలు."

ఆ పూట పదిహేను ఎనుములు వంక దాటి అటు పోయినాయి, అన్నే ఇటు వచ్చినాయి. సాయంత్రానికల్లా తాళ్ళు తెంపుకుని అన్నీ ఎవరింటికి అవి వచ్చేసినాయి, పాలు పిండే వేళయింది మరి. మళ్ళీ తలలు పగిలినాయి.

కలెక్టరాఫీసు నుంచి ఈసారి ఉత్తరం ఘాటుగా వచ్చింది. పరాంకుశం గారు ఒక రోజంతా గది తలుపు వేసుకున్నారు. బయటికొచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది.

"వన్నూరప్పా, తప్పు దొరికింది."

"సిద్ధాంతంలోనా సార్?"

"ఛ. ఊళ్ళలో. సిద్ధాంతం ఏమంటుంది? రెండు మందలు విడివిడిగా ఉంటే, ఒక పశువు దేనిదో ఖచ్చితంగా చెప్పగలను అంటుంది. అది మాట తప్పలేదు. ఈ ఊళ్ళే విడివిడిగా లేవు. సిద్ధాంతానికి లోబడి ప్రవర్తించని గ్రామాలకు సిద్ధాంతం ఎట్లా సహాయం చేస్తుంది?"

ఆ వారమే 'మంద భిన్నత్వ సాధన పథకం' మొదలైంది. వంక పొడుగునా ముళ్ళకంచె వేసినారు. మోదుగులకుంట ఎనుముల కొమ్ములకు ఎర్రరంగు, తూముచెర్ల ఎనుములకు పచ్చరంగు. రెండూళ్ళ ఉమ్మడి కుంటలో ఎర్రకొమ్ములు పొద్దున పడుకోవాలి, పచ్చకొమ్ములు మధ్యాన్నం. యజమాని ఎంపిక చేయరాదు కాబట్టి ఎదకొచ్చిన ఎనుముకు మగదాన్ని పంచాయతీ ఆఫీసులో చీటీ తీసి నిర్ణయించాలి. చీటీ తీసి, సంతకాలు పెట్టి, మగదాన్ని వెతికి తెచ్చేసరికి ఎద దిగిపోయేది. అప్పుడు మళ్ళీ దరఖాస్తు చేసుకోవాలి.

అంతా బాగానే ఉంది, ఒకటే చిక్కు. కంచె వేసినాక రెండు మందలూ వాటంతటవి వేరుపడటానికి ఎన్నాళ్ళు పడుతుందని కలెక్టరాఫీసువాళ్ళు అడిగినారు. పరాంకుశం గారు లెక్క వేసి నిజాయితీగా చెప్పినారు: సుమారు వెయ్యేళ్ళు.

నాకెంత సంతోషమైందో చెప్పలేను. నేరుగా పోయి పోతు చెవిలో చెప్పినాను. వెయ్యేళ్ళురా నాయనా, హాయిగా మెయ్యి. ఈరక్కకు ఫోన్ చేసి చెప్తే ఆమె ఏడ్చేసింది. "మారెమ్మకు కోపం రాదు కదా సామీ?" అంది. "ఆమె దగ్గర గడువు పొడిగించుకున్నామని చెప్పమ్మా" అన్నాను.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. 'వెయ్యి సంవత్సరములు ఈ ఆర్థిక సంవత్సరములోపు పూర్తిచేయవలెను' అని ఉత్తర్వు వచ్చింది.

ఇంకొకరైతే చేతులెత్తేసేవాళ్ళే. మా డైరెక్టరు గారు సామాన్యుడు కాదు. వెంటనే సర్పంచులిద్దరినీ పిలిపించినారు. "సిద్ధాంతంలో దీనికి రెండు దగ్గరి దారులున్నాయి. మంద ఎంత చిన్నదైతే అంత తొందరగా పక్కమందకు భిన్నంగా మారుతుంది. ఉన్నవాటిని పదికో పన్నెండుకో తగ్గించుకోండి. లేదంటే బయటినుంచి కొత్త రక్తం తెచ్చుకోండి. రెండూ కలిపి చేస్తే ఇంకా శ్రేష్ఠం. ఎవరి మంద ఎక్కువ భిన్నంగా ఉంటే పోతు మీద వాళ్ళ హక్కు అంత స్పష్టంగా తేలుతుంది."

బయపరెడ్డికి తెలివి ఎక్కువ. ఇంటికి పోతూపోతూనే హర్యానాకు ఫోన్ చేసినాడు. ముర్రా ఎనుములు లారీల్లో దిగినాయి. అది విని కుళ్ళాయప్ప గుజరాత్ నుంచి జాఫరాబాదీలను దించినాడు. ఒక్కొక్కటి చిన్నపాటి గడ్డివామంత. సబ్సిడీ ఉంది, ఫోటోలున్నాయి, పేపర్లో వచ్చింది. లారీలు తిరిగి ఖాళీగా ఎందుకు పోవాలని వాటిలో ఊళ్ళో ఎనుములను ఎక్కించినారు. ఊళ్ళో ఒక్క పాత ఎనుము మిగిలినా భిన్నత్వం తగ్గుతుందని పరాంకుశం గారి సర్క్యులర్. ఎక్కించినవి పాలకు పోలేదు. ఎక్కడికి పోయినాయో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు.

కొమ్ములకు కొత్త రంగు డబ్బాలు ఇచ్చిరమ్మని నన్ను మోదుగులకుంటకు పంపినారు. నేను పోయేసరికి ఈరక్క ఇంటి ముందర లారీ ఉంది. ఆమెకు ఉన్నవి రెండే ఎనుములు. రెండూ ఈ పోతుకు పుట్టినవే. సర్పంచి మనుషులు వాటిని చెక్కపలక మీద నుంచి ఎక్కిస్తున్నారు. ఒకటి ఎక్కింది. రెండోది మోకాళ్ళ మీద కూలబడి ఈరక్క వైపు చూసి అరిచింది.

"ఎందుకిచ్చినావమ్మా?" అన్నాను.

"ఇయ్యకుంటే కుంటలోకి తోలనియ్యం, బీట్లో మేపనియ్యం అన్న్యారు. నీ రెండు ఎనుముల కోసరం ఊరు పోతును పోగొట్టుకోవల్లనా అన్న్యారు. మా ఇంటాయన ఏం చేస్తాడు, తలకాయ ఊపినాడు." లారీ పోయినాక, వాళ్ళు వదిలేసిపోయిన పలకను తీసి గోడకు ఆనించింది. తర్వాత, "అది బాగుండాదా?" అనడిగింది, పోతును గురించి.

"బాగుంది."

"అదన్నా ఉండనీ" అంది.

నాకు మండిపోయింది. రంగు డబ్బాలు పంచాయతీ అరుగు మీద పడేసి వచ్చేసినాను. ఆఫీసుకొచ్చి డైరెక్టరు గారితో, "సార్, అక్కడ ఎనుములను కబేళాకు తోలుతున్నారు" అన్నాను. ఆయన తలెత్తకుండా, "మంద ఒక్కసారిగా తగ్గిపోవడాన్ని మా పరిభాషలో బాటిల్‌నెక్ అంటాం, వన్నూరప్పా. అద్భుతమైన దశ. మా గురువు గారు జీవితాంతం పుస్తకాల్లోనే చూశారు, నాకు కళ్ళారా చూసే భాగ్యం కలిగింది" అన్నారు. ఆ గొంతులో వెటకారం లేదు, ఆ మనిషికి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

మార్చి నెల వచ్చింది. మళ్ళీ తోక వెంట్రుకలు పీకినారు. ఈసారి యంత్రం తడుముకోలేదు. మోదుగులకుంట ఒక మంద, తూముచెర్ల ఇంకో మంద, మధ్యలో ఇంత దూరం. పరాంకుశం గారు ఆ గ్రాఫును లామినేషన్ చేయించినారు. వెయ్యేళ్ళ పని ఒక్క ఏడులో. ఇక మిగిలింది పోతు ఎటో చూడడమే.

ఆ రోజు సర్పంచులిద్దరూ డప్పులతో సహా మా గేటు దగ్గర కాచుకున్నారు. పూలదండలు కూడా తెచ్చినారు, గెలిచినవాళ్ళు పోతుకు వేసి ఊరేగిస్తూ తీసుకుపోవడానికి. ఈరక్క ఒక మూలగా కూర్చొని ఉంది. పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నేను పోతు పక్కనే నిలబడినాను. అది నా భుజం మీద గడ్డం ఆనించింది. దానికేం తెలుసు పాపం.

పరాంకుశం గారు బయటికొచ్చి కాగితం చదివినారు.

"శాస్త్రీయంగా, నిస్సందేహంగా తేలిన అంశం. సదరు మహిషం మోదుగులకుంట మందకు చెందదు. తూముచెర్ల మందకూ చెందదు. దీనికీ ఆ రెండు మందలకూ ఏ సంబంధమూ లేదు. ఇది పరాయి పశువు."

డప్పు కొట్టేవాడు అలవాటుగా ఒక దెబ్బ వేసి ఆపేసినాడు. బయపరెడ్డి, కుళ్ళాయప్ప ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"పరాయిదాన్ని అమ్మోరికి ఎట్ల ఇస్తాం రెడ్డీ?" అన్నాడు కుళ్ళాయప్ప.

"కూడదు. మా ముర్రాకు ఒక దున్నదూడ పుట్టింది, దాన్ని ఇడుస్తాం. ముచ్చటగా ఉండాది" అన్నాడు బయపరెడ్డి.

"మాకూ ఒకటి పుట్టింది."

అంతే. తలలు పగలగొట్టుకున్న తగాదా కాఫీ చల్లారేలోపల తీరిపోయింది. ఇద్దరూ ఒకే జీపులో వెళ్ళిపోయినారు. దండలు నా చేతిలో పెట్టిపోయినారు.

నేను ఎగిరి గంతేసినంత పని చేసినాను. "ఈరక్కా, బతికిందమ్మా! నీ పోతు బతికిపోయింది!" అని అరిచినాను. ఆమె లేచి వచ్చి దాని మెడను రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఉద్యోగంలో చేరినాక నేను ఆఫీసులో ఏడవడం అదే మొదలు, అంతకుముందు ఏడవాల్సిన సందర్భాలు చాలానే వచ్చినా.

అయితే మా సంస్థ ఒక పట్టాన దేన్నీ వదలదు. ఏ మందకూ చెందని పశువంటే అదే ఒక మంద కావాలి కదా అని పరాంకుశం గారికి తట్టింది. పోతును ప్రత్యేక జాతిగా ప్రకటించాలని రాసినారు, పై నుంచి అనుమతి వచ్చింది. పోతుకు రేకుల షెడ్డు, ఫ్యాను, చుట్టూ ఇనుప కంచె. ప్రారంభోత్సవానికి విలేకరులొచ్చినారు, ఒక ఫోటోగ్రాఫరొచ్చినాడు. పోతును పెంచిన మహిళకు సన్మానమని ఈరక్కను కూడా పిలిపించి కుర్చీ వేసినారు.

పరాంకుశం గారు మైకు అందుకున్నారు. "మిత్రులారా, సిద్ధాంతానికి సరిపడే మంద ఎక్కడుంది అని ఒకప్పుడు నన్ను ఎగతాళి చేశారు. ఇదిగో, మీ కళ్ళముందు ఉంది. ఈ మందలో సభ్యుడు ఒక్కడే. లోపలికి వలస లేదు, బయటికి వలస లేదు. ఎంపిక లేదు. జతకట్టడమే లేదు కనుక అక్రమమైన జత అనే సమస్య ఉత్పన్నం కాదు. దీని జన్యువులు నేడు ఎట్లా ఉన్నాయో రేపూ అట్లే ఉంటాయి. ఇది సంపూర్ణ సమతౌల్యం!"

చప్పట్లు కొట్టినారు. నేను వెనకనుంచి, "మంద అనంతంగా ఉండాలని కదా సార్ మొదటి షరతు?" అన్నాను.

"ఆ ఒక్క షరతుకు మినహాయింపు కోరుతూ రాశాం" అన్నారాయన.

ఎనుములు ఎదకొచ్చే కాలమేమో, పోతు అరుస్తోంది. కంచె దగ్గరికి పోయి ఊళ్ళ వైపు తలెత్తి ఒక అరుపు, చెవులు నిక్కబొడుచుకుని వినడం, మళ్ళీ ఒక అరుపు. ఈరక్క దాన్నే చూస్తోంది. శాలువా కప్పినా ఆమె గమనించలేదు.

"దీనికి జత తెప్పిస్తారా సారూ?" అనడిగింది.

"దీని జాతిది దీనితోనే జతపడాలమ్మా. వేరేది తెస్తే కల్తీ అవుతుంది. రెండూళ్ళూ గాలించాం. దీని జాతి ఆడది ఒక్కటీ దొరకలేదు. ఎట్లా మాయమైపోయాయో పరిశోధించాల్సి ఉంది" అన్నారు పరాంకుశం గారు. "అయినా మీరు దిగులుపడకూడదు. మీ దున్నపోతు ప్రాణానికి ఇక ఏ భయమూ లేదు. మారెమ్మ నోటి దగ్గరి దాన్ని సైన్సు కాపాడింది. మీరు సంతోషించాలి, అవునా?" అని మైకు ఆమె ముందర పెట్టినారు.

ఈరక్క మైకును చూసింది. తర్వాత ఆయన్ను చూసింది.

"మారెమ్మ ఒక్కదాన్నే అడిగింది సారూ" అంది. "మీరు మందంతా తీసుకున్న్యారు."

పోతు ఇంకోసారి అరిచి, వినడానికి నిలబడింది. ఫోటోగ్రాఫరు ముందుకొచ్చి, "అమ్మా, కొంచెం ఇటు చూసి నవ్వు" అన్నాడు.